సంతకం పెట్టని కాగితం: హోం మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన హోం మంత్రిగారికి నమస్కారాలు.

మా ప్రార్థనా మందిరం మీద దాడి జరిగిన పదకొండో రోజున మీ శాఖ అధికారులు మమ్మల్ని శాంతి సమావేశానికి పిలిచారు. పిలిచినందుకు సంతోషించే వెళ్లాం. మేం కూర్చునేసరికే బల్ల మీద టైపు చేసిన కాగితం సిద్ధంగా ఉంది. ఇరువర్గాల మధ్య తలెత్తిన చిన్నపాటి అపార్థం పెద్దల సమక్షంలో సమసిపోయిందనీ, ఫిర్యాదును వెనక్కి తీసుకుంటున్నామనీ అందులో రాసుంది. కింద మా పాస్టర్‌గారి పేరు, సంతకానికి ఖాళీ. అధికారి పెన్ను మూత తీసి మరీ ముందుకు జరిపారు. "మీ ఏసుప్రభువే క్షమించమన్నాడు కదండీ, ఇంకా ఆలోచన దేనికి?" అన్నారు. వెటకారంగా అనలేదాయన, నిజంగానే అలా అనుకుంటున్నారు. మీరు కూడా అలాగే అనుకుంటారేమోనన్న భయంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ రోజు ప్రార్థన మధ్యలో తలుపు విరగ్గొట్టుకుని లోపలికి వచ్చినప్పుడు మా సంఘంలో ఒక పెద్దావిడ పిల్లల్ని బల్ల కిందికి తోసి, దెబ్బకు తన చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగింది. కట్టు కట్టిన ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని సమావేశంలో మా పక్కనే కూర్చుంది. గంటన్నర సేపు జరిగిన మాటల్లో ఆమెను ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. కాగితంలో ఆ చెయ్యి ఊసే లేదు. కొట్టినవాళ్లు ఒక వర్గం, దెబ్బలు తిన్నవాళ్లు ఇంకో వర్గం అన్నట్టు 'ఇరువర్గాలు' అన్న మాట మాత్రం నాలుగు చోట్ల ఉంది.

మేం క్షమించామా అంటే క్షమించాం. మరుసటి ఆదివారమే వాళ్ల కోసం మోకరించాం. అది అన్నంత తేలికగా జరగలేదు. బయట బండి ఆగిన చప్పుడు వినిపిస్తే మా పిల్లలకు ఇప్పటికీ టెన్షన్. ఒక తండ్రి ప్రార్థన మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయాడు, రెండు వారాలు మందిరానికి రాలేదు, మూడో వారం వచ్చి ఏడ్చాడు. ఇన్ని బాధలు పడి మేం తెచ్చుకున్న క్షమను ఫైలు మూసేయడానికి వాడుకుంటానంటే ఒప్పుకోలేం.

మా తెలుగు బైబిల్లో శాంతికి వాడిన మాట 'సమాధానం'. "సమాధానపరచువారు ధన్యులు" అని కొండమీది ప్రసంగంలో ఏసు చెప్పాడు. ప్రశ్నకు చెప్పే జవాబును కూడా మనం సమాధానమే అంటాం. చిన్నప్పటి నుంచి ఈ రెండూ ఒకే మాట కావడం నాకు వింతగా ఉండేది. ఆ సమావేశంలో కూర్చున్నాక వింత పోయింది. ఆ పెద్దావిడ చెయ్యి ఎవరు విరగ్గొట్టారు, ఎందుకు విరగ్గొట్టారు అన్న ప్రశ్నను లోపలికే రానివ్వకుండా సమాధానం ఎక్కడి నుంచి తెస్తారు? యిర్మీయా ప్రవక్త తన కాలపు పెద్దల్ని ఈ విషయంలోనే తప్పుపట్టాడు. సమాధానం లేని సమయంలో సమాధానం, సమాధానం అంటూ జనం గాయాన్ని పైపైన మాత్రమే బాగుచేస్తున్నారని.

కొండమీది ప్రసంగంలో ఏసు ఆ వెంటనే చెప్పిన మాట "నీతినిమిత్తము హింసింపబడువారు ధన్యులు". సమాధానపరిచేవాళ్ల పక్కనే హింస పడేవాళ్లను నిలబెట్టాడాయన. ఇద్దరూ చాలాసార్లు ఒకళ్లే అవుతారని ఆయనకు తెలుసు. కాబట్టి హింస వస్తే మేం ఆశ్చర్యపోం. కానీ ధన్యులు అన్నది హింస పడ్డవాళ్లను. హింసించడం చిన్నపాటి అపార్థమని ఆయన ఎక్కడా అనలేదు. ఒక చెంప మీద కొడితే రెండోది చూపమన్నవాడే, ప్రధాన యాజకుడి ముందు బంట్రోతు కొట్టినప్పుడు ఊరుకోలేదు. నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేదో చెప్పు, లేకపోతే ఎందుకు కొట్టావని అడిగాడు. తిరిగి చెయ్యెత్తలేదు, ఆ దెబ్బను ఒప్పు అని కూడా ఒప్పుకోలేదు.

మీరు పదవిలో ఉన్నవారు గనక ఫిలిప్పీ పట్టణంలో జరిగింది మీకు చెప్పాలి. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఉంది. ఏసు గురించి చెబుతూ తిరిగే పౌలు, సీల అనే ఇద్దరి వల్ల కొందరి రాబడి పోయింది. వాళ్లు ఈ ఇద్దర్నీ అధికారుల ముందుకు ఈడ్చుకొచ్చి, రాబడి సంగతి దాచిపెట్టి, వీళ్లు మన పట్టణంలో అలజడి రేపుతున్నారని ఫిర్యాదు చేశారు. జనం ఎగబడ్డారు. అధికారులు విచారణ లేకుండానే బట్టలు లాగించి బెత్తాలతో కొట్టించి, కాళ్లకు బొండ అనే కొయ్య సంకెళ్లు వేయించి జైల్లో పెట్టించారు. అర్ధరాత్రి ఆ ఇద్దరూ పాటలు పాడుతుంటే భూకంపం వచ్చి తలుపులు తెరుచుకున్నాయి. ఖైదీలంతా పారిపోయారనుకుని జైలు అధికారి కత్తి దూసి చచ్చిపోబోతే, మేమంతా ఇక్కడే ఉన్నామని పౌలు కేకవేసి ఆపాడు. ఆ రాత్రే ఆ జైలు అధికారి వీళ్ల గాయాలు కడిగాడు. క్షమ అంటే ఇంతకంటే ఏం చూపించాలి?

తెల్లారాక అధికారులు బంటుల్ని పంపి, వాళ్లను వదిలేయండి అన్నారు. గొడవ లేకుండా తేలిపోయే పనే. పౌలు కదల్లేదు. విచారణ లేకుండా రోమా పౌరులమైన మమ్మల్ని అందరి ముందూ కొట్టించి, ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, కుదరదు, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. వాళ్లే వచ్చారు, బతిమాలుకున్నారు. అప్పుడే బయటికి వచ్చాడు.

అది పంతం అనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. పౌలు ఆ పట్టణం వదిలి వెళ్లిపోతాడు, ఆ ఊళ్లో ఏసును నమ్మిన లూదియ అనే ఆవిడ ఇంట్లో కొత్తగా మొదలైన చిన్న సంఘం అక్కడే ఉండాలి. చాటుగా జారుకుంటే, అలజడి రేపినవాళ్ల మనుషులన్న ముద్ర ఆ నలుగురి మీదా మిగిలిపోయేది. తన వీపు గాయాలు ఆయన ఎప్పుడో వదిలేశాడు. వాళ్ల కోసం నిజాన్ని మాత్రం వదల్లేదు. మేం ఆ కాగితం మీద సంతకం పెట్టకపోవడానికి కారణం కూడా ఇదే. రేపు ఇంకోచోట ఇంకో చిన్న సంఘం మీద ఇలాగే జరిగితే, మా సంతకమే వాళ్లకు చూపిస్తారు.

మేమే ఎప్పుడూ దెబ్బలు తిన్నాం అనడం లేదు. అధికారం చేతికి వచ్చినప్పుడు క్రైస్తవులూ సాటి క్రైస్తవులనే చంపారు. 1569లో నెదర్లాండ్స్‌లోని అస్పెరెన్‌లో డిర్క్ విల్లెమ్స్ అనే ఆయన్ని, పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకున్నాడని, ఇంట్లో కూడికలు పెట్టాడని నిర్బంధించారు. కిటికీలోంచి తప్పించుకుని గడ్డకట్టిన నీటి మీదుగా పరుగెత్తాడు. తరుముకొస్తున్న భటుడి కింద మంచు పగిలి నీళ్లలో పడిపోయాడు. డిర్క్ వెనక్కి తిరిగి వచ్చి అతన్ని పైకి లాగాడు. ప్రాణం పోసినవాణ్ణి వదిలేద్దామని ఆ భటుడికి ఉంది. పట్టణాధికారి మాత్రం నీ ప్రమాణం గుర్తు తెచ్చుకో అని గద్దించాడు. డిర్క్‌ను పట్టుకుని సజీవంగా తగలబెట్టారు. ఈ కథ చదివినప్పుడల్లా నాకు డిర్క్ కంటే ఆ పట్టణాధికారే ఎక్కువ గుర్తుంటాడు. కళ్లెదుట అంత జరిగినా ఆయనకు కనబడింది కాగితం మీది నిబంధన ఒక్కటే.

దగ్గరి కాలంలో 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ, ఆయన ఇద్దరు కొడుకుల్నీ జీపులో తగలబెట్టారు. భార్య గ్లాడిస్ చంపినవాళ్లను క్షమించానని చెప్పి, ఆ తర్వాత కూడా కొన్నేళ్లు అక్కడే కుష్ఠురోగుల సేవలో ఉంది. ఆమె క్షమించింది కదా అని కేసు ఆగలేదు. ప్రధాన దోషికి పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. ఆమె పని ఆమె చేసింది, కోర్టు తన పని చేసింది.

మాలో ఎవరైనా నిజంగా తప్పు చేస్తే మాత్రం మీరు దయ చూపక్కర్లేదు. దొంగగానో, పరుల జోలికి పోయేవాడిగానో ఎవడూ బాధపడకూడదని ఏసు శిష్యుడు పేతురే రాశాడు. మేం పలానా చోట మతం మారమని బలవంతం చేశామని రుజువుతో చెప్పండి, తల వంచుతాం. ఊరూ పేరూ లేని మెసేజ్ పట్టుకుని మందిరం మీదికి రావడం వేరు. క్రైస్తవులంటే ఏ మాత్రం అభిమానం లేని రోమా చక్రవర్తి ట్రాజన్ కూడా, పేరు లేని ఫిర్యాదులు తీసుకోవద్దని 1900 ఏళ్ల కిందటే తన గవర్నర్ ప్లీనీకి రాశాడు.

అందుకని అడుగుతున్నాం. ఫిర్యాదు ఉండనివ్వండి. ఆ పెద్దావిడ మాట నమోదు చేయించండి. జరిగింది జరిగినట్టు రాయించండి. ఇంకొకటి కూడా అంతే గట్టిగా అడుగుతున్నాం, పట్టుబడిన కుర్రాళ్ల మీద స్టేషన్లో ఎవరి చెయ్యీ పడకూడదు. వాళ్లలో కొందరికి ఇంకా సరిగ్గా మీసాలు రాలేదు. శిక్ష వేసే రోజు వస్తే, తగ్గించమని కోర్టులో మొదట అడిగేది మేమే.

మొన్న రాత్రి వాళ్లలో ఒకడి తల్లి ఆ పెద్దావిడ ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడి కట్టు వైపు చూస్తూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నా కొడుకుని ఏం చేస్తారమ్మా?" అంది. పెద్దావిడ మంచి చేత్తో ఆమె భుజం పట్టుకుని, "వాణ్ణి ఒకసారి తీసుకురా తల్లీ. ఈ చెయ్యి చూడమను. తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం" అంది.

కుర్రాడు ఇంకా రాలేదు. మేం ఎదురుచూస్తున్నాం.

మీ వాళ్లు ఇచ్చిన కాగితాన్ని ఈ లేఖతో పాటు తిప్పి పంపుతున్నాను. సంతకం చోటు ఖాళీగానే ఉంది. పరామర్శకు మీరు స్వయంగా వస్తానంటే ఏ రోజో కబురు చేయించండి. విరిగిన తలుపు అప్పటిదాకా బాగు చేయించకుండా అలాగే ఉంచుతాం.

ఇట్లు,
ఆ సంఘంలో ఒక విశ్వాసి