తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారాలు.

నేను ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతాను. మొన్న ప్రయోగశాలలో మూడో సంవత్సరం విద్యార్థిని ఒకామె మొరాయించిన పంపును విప్పి, సీలు అరిగిందని చూపించి, గ్రీజు చేతులతోనే మళ్లీ బిగించింది. వైమానిక దళంలో చేరవచ్చు కదమ్మా అంటే, "అక్కడ పైలట్లే కదా సార్ ఉండేది!" అంది. నా మనసు చివుక్కుమంది.

1944లో మన తిరుపతిలోనే పుట్టిన పద్మావతి బందోపాధ్యాయ గారు 1968లో వైద్యురాలిగా వైమానిక దళంలో చేరి, 2004లో ఎయిర్ మార్షల్ అయ్యారు. ఆ హోదా అందుకున్న తొలి మహిళ ఆవిడే. సొంత ఊళ్లోనే ఆ పేరు తెలియని పిల్లలుంటే తప్పు పెద్దవాళ్లదే.

ఇక ఇంజనీర్ల సంగతి. విమానం గాలిలోకి లేవాలంటే ముందు దాని ఇంజను, రాడారు, ఆయుధ వ్యవస్థలు సరిగ్గా ఉన్నాయని తేల్చాల్సింది సాంకేతిక విభాగమే. అందులో అధికారులుగా చేరేందుకు ఇంజనీరింగ్ చదివిన అమ్మాయిలకు ఏటా రెండుసార్లు ఏఎఫ్‌క్యాట్ పరీక్ష ఉంది. సాంకేతిక శిక్షణ పక్కనే, బెంగళూరు జాలహళ్లిలో.

దయచేసి ప్రతి నోటిఫికేషన్‌కు ముందు మన కళాశాలల్లో అవగాహన సభలు పెట్టించండి. మహిళా ఇంజనీరు అధికారులను రప్పించండి. తల్లిదండ్రులనూ తప్పకుండా పిలవండి. "ఆడపిల్లకు అంత దూరం ఎందుకు" అనే మాట ముందుగా వచ్చేది ఇంట్లోంచే.

ఇట్లు,
ఒక అధ్యాపకుడు, తిరుపతి