ఐస్ హాకీలో గోల్: షాట్ వేగం ఒక్కటే చాలదు

సంపాదకులకు,

ఐస్ హాకీ గురించి క్రీడా పేజీల్లో ఏ వార్త వచ్చినా షాట్ వేగం తప్పకుండా కనిపిస్తుంది. గంటకు 150 కిలోమీటర్లు, 160 కిలోమీటర్లు అంటూ బొమ్మ పక్కన పెద్దక్షరాల్లో వేస్తారు. అది చదివిన పిల్లలు రింక్‌లో (మంచు మైదానంలో) అడుగుపెట్టగానే స్టిక్‌ను భుజం దాకా ఎత్తి పక్‌ను (ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను) బాదడం మొదలుపెడతారు. గోల్స్ చేయడం నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా చెడ్డ ఆరంభం ఉండదు. వేగంతో పాటు షాట్ ఎక్కడి నుంచి వచ్చింది, దానికి ముందు పాస్ ఎటు నుంచి ఎటు వెళ్లింది, అప్పటికి గోలీ (నెట్‌ను కాపాడే ఆటగాడు) కుదురుకున్నాడా లేదా అన్నవి కూడా రాయమని మనవి. గోల్ పడేదీ పడనిదీ ఎక్కువగా తేలేది అక్కడే.

లెక్క వేసి చూడండి. 9 మీటర్ల దూరం నుంచి గంటకు 130 కిలోమీటర్ల వేగంతో కొట్టిన పక్ నెట్‌కు చేరడానికి పావు సెకను పడుతుంది. అదే 110 కిలోమీటర్ల వేగమైతే 0.29 సెకను. తేడా సెకనులో ఇరవయ్యో వంతు కూడా లేదు. ఆ కాస్త లాభం కోసం స్టిక్‌ను వెనక్కి ఎత్తి దించేసరికి అర సెకను దాకా పోతుంది. ఈలోగా గోలీ ముందుకొచ్చి కోణం మూసేస్తాడు, డిఫెండర్ స్టిక్ అడ్డం పెడతాడు. ఇలా స్టిక్ ఎత్తి బాదే స్లాప్ షాట్ దండగని అనడం లేదు. నెట్‌కు దూరంగా, దాడి చేసే భాగానికి హద్దుగా ఉండే నీలి గీత దగ్గర ఉండే డిఫెన్స్ ఆటగాళ్లకు అది కావాలి. ఫార్వర్డ్ మాత్రం దాన్ని అన్నిటికన్నా ఆఖరున నేర్చుకున్నా నష్టం లేదు.

ముందు గోలీ సంగతి తెలియాలి. నెట్ వెడల్పు 1.83 మీటర్లు, ఎత్తు 1.22 మీటర్లు. ఇప్పటి గోలీలు దాదాపు అందరూ బటర్‌ఫ్లై పద్ధతిలోనే ఆడతారు. అంటే మోకాళ్లు మంచు మీద ఆనించి, కాళ్లు రెండు వైపులా పరిచి, కింది భాగమంతా ప్యాడ్లతో కప్పేస్తారు. ఇక మిగిలేవి భుజాల పైన మూలలు, చేతుల కింద సందులు, మోకాళ్ల మధ్య ఖాళీ. ఈ చివరిదాన్నే ఫైవ్ హోల్ అంటారు. పక్ వ్యాసం 7.62 సెంటీమీటర్లు. పక్‌కు ఎదురుగా కుదురుగా ఉన్న గోలీ దగ్గర ఈ సందులు పక్ పట్టీపట్టనట్టుగా ఉంటాయి. అదే గోలీ ఒక పోస్ట్ నుంచి మరో పోస్ట్‌కు జరగాలంటే ఒక కాలితో తోసుకోవాలి. తోసే కాలు, జారే కాలు ఎడమవుతాయి, ఫైవ్ హోల్ తెరుచుకుంటుంది, చేయి ఒంటికి దూరమై చంక కింద సందు పడుతుంది. అందుకే ఖాళీ ఎక్కడుందా అని వెతుక్కుంటూ కూర్చోవడం కన్నా గోలీని జరపడం మేలు.

జరపడానికి ఉన్న మంచి ఆయుధం అడ్డపాస్. నెట్ ముందు నుంచి నీలి గీత వైపు, సరిగ్గా మధ్యగా ఒక గీత ఊహించుకోండి. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడిన మాజీ గోలీ స్టీవ్ వాలికెట్ దీన్ని రాయల్ రోడ్ అన్నారు. ఈ గీతను దాటి వచ్చిన పాస్‌ను ఆలస్యం లేకుండా కొడితే, అదే చోట పక్‌తో నిలబడి కొట్టిన షాట్ కన్నా గోల్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. కారణం తేలికే. 6 మీటర్ల పాస్ సెకనుకు 15 మీటర్ల చొప్పున వెళ్తే 0.4 సెకనులో చేరుతుంది. ఆలోగా గోలీ తల తిప్పాలి, పక్ ఎక్కడికి పోయిందో చూడాలి, ఒళ్లు తిప్పి తోసుకోవాలి, అవతల చేరి ఆగాలి. పాస్ అందుకున్నవాడు పక్‌ను ఆపి, రెండుసార్లు ఆడించి, తలెత్తి చూసి కొడితే గోలీకి కావలసిన సమయం చేతులారా ఇచ్చినట్టే.

చోటు కూడా అంతే. నేరుగా ఎదురుగా నిలబడితే నెట్ పూర్తి వెడల్పు కనిపిస్తుంది. మధ్య నుంచి 60 డిగ్రీలు పక్కకు పోతే కనిపించేది సగమే, 91 సెంటీమీటర్లు. అందులో గోలీ కాలి ప్యాడ్ ఒక్కటే 28 సెంటీమీటర్ల దాకా ఆక్రమిస్తుంది. రింక్ చుట్టూ ఉండే బోర్డుల పక్క నుంచి పై మూలకు గురిపెట్టే ఆటగాడు చాలావరకు పక్‌ను అవతలి జట్టుకు అప్పగిస్తున్నాడు. అక్కడి నుంచి కొట్టక తప్పకపోతే దూరపు వైపు ప్యాడ్‌కు తగిలేలా కింద కొట్టాలి. ప్యాడ్‌కు తగిలిన పక్ నెట్ ముందుకే వస్తుంది. అక్కడ సహ ఆటగాడు స్టిక్ మంచు మీద ఆనించి ఉంటే అది గోలీకి తలనొప్పే.

ఇక షాట్. మొదట రిస్ట్ షాట్, అంటే స్టిక్ ఎత్తకుండా పక్‌ను ఈడ్చి మణికట్టుతో వదిలే షాట్ నేర్వాలి. పక్‌ను బ్లేడ్ (స్టిక్ కింది చదును భాగం) మడమ దగ్గర, అంటే అది కర్రకు అతికే చోట, వెనక పాదానికి సమంగా పెట్టుకోవాలి. కింది చేయి స్టిక్ మీద దాదాపు సగం దాకా దిగాలి. బరువు వెనక కాలి మీద ఉంచి, పక్‌ను ముందుకు ఈడుస్తూ బరువును ముందు కాలికి మార్చాలి. ఈ సమయంలో కింది చేయి ముందుకు, కిందకు నొక్కుతుంది, పై చేయి వెనక్కి లాగుతుంది. ఈ రెండూ ఎదురెదురుగా పనిచేసినప్పుడే స్టిక్ వంగి తిరిగి విచ్చుకుంటుంది, పక్‌కు ఊపు వచ్చేది ఆ విచ్చుకోవడం వల్లే. పక్ మడమ నుంచి బ్లేడ్ కొస వైపు దొర్లుతూ వదలాలి. అలా దొర్లితేనే గిరగిరా తిరుగుతూ చదునుగా పోతుంది. గాల్లో పల్టీలు కొడుతూ పోయిందంటే దొర్లించలేదు, బ్లేడ్ మధ్యతో తోశారన్నమాట. కొట్టాక బ్లేడ్ కొస గురి వైపే చూడాలి. కింద కొట్టాలనుకుంటే మోకాలి ఎత్తులో ఆగాలి, పైకి కొట్టాలనుకుంటే ఇంకాస్త లేవాలి.

ఎక్కువమంది చేసే తప్పు పై చేతిని పొట్టకు అతికించుకుని కొట్టడం. చేయి ఒంటికి తగిలి ఉంటే లాగడానికి చోటుండదు, మణికట్టు తిరగదు, షాట్‌లో భుజం బలం తప్ప ఏమీ మిగలదు. పై మోచేయి ఒంటికి దూరంగా, ముందుకు ఉండాలి. రెండో తప్పు పక్‌ను లేపాలని ఒళ్లు వెనక్కి వాల్చడం. పక్ లేస్తుంది, క్రాస్‌బార్ పైనుంచి పోతుంది. లేపే పని మణికట్టుది, బ్లేడ్ తెరుచుకునే కోణానిది, నడుముది కాదు.

రిస్ట్ షాట్ వచ్చాక స్నాప్ షాట్ దానంతట అదే దగ్గరపడుతుంది. ఈడ్చే దూరాన్ని తగ్గించి, పక్‌కు కొంచెం వెనక మంచును నొక్కి వదలడమే. దీనికో చిన్న చిట్కా ఉంది. కొట్టే ముందు పక్‌ను 30 సెంటీమీటర్లు ఒంటి వైపు లాక్కోవాలి. గోలీ నిలబడేది మీ ఛాతీకి ఎదురుగా కాదు, పక్‌కు ఎదురుగా. పక్ ఆ కాస్త జరిగితే కోణం మారిపోతుంది, డిఫెండర్ కాళ్ల సందు నుంచి దారీ దొరుకుతుంది. లాగడం, కొట్టడం ఒకే కదలికగా ఉండాలి. మధ్యలో ఆగితే గోలీ కూడా సర్దుకుంటాడు.

స్టిక్ ఎంపికలో డబ్బు కన్నా బుర్ర ముఖ్యం. స్టిక్ మీద రాసి ఉండే ఫ్లెక్స్ సంఖ్య, దాని మధ్యభాగాన్ని ఒక అంగుళం వంచడానికి ఎన్ని పౌన్ల బలం కావాలో చెబుతుంది. పౌన్లలో ఒంటి బరువుకు సగం చుట్టుపక్కల ఉన్న సంఖ్యతో మొదలుపెట్టడం వాడుక. 60 కిలోల ఆటగాడు అంటే 132 పౌన్లు, 65 ఫ్లెక్స్ సరిపోతుంది. పెద్దవాళ్లు వాడే 85 తెచ్చుకుంటే అది వంగదు, కొట్టేది చేతుల బలంతోనే కొట్టాల్సి వస్తుంది. స్టిక్‌ను కత్తిరించినా గట్టిపడుతుందని చాలామంది మరిచిపోతారు. పొట్టి పిల్లలకు పెద్ద స్టిక్ కొని కోసి ఇచ్చే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి.

వన్‌టైమర్ అంటే వచ్చిన పాస్‌ను ఆపకుండా కొట్టడం. అలెక్స్ ఒవెచ్కిన్ 2025 ఏప్రిల్ 6న 895వ గోల్ చేసి వేన్ గ్రెట్స్కీ పేరిట ఉన్న 894 గోల్స్ ఎన్‌హెచ్‌ఎల్ రికార్డును దాటాడు. అతని ఆటకు గుర్తుగా నిలిచినది పవర్ ప్లేలో (అవతలి జట్టు ఆటగాడు శిక్ష పడి బయట ఉన్నప్పుడు) మంచు మీద గీసిన ఎడమ సర్కిల్ నుంచి కొట్టే షాట్. అతనిది కుడిచేతి షాట్, అంటే బ్లేడ్‌ను ఒంటికి కుడి వైపు ఉంచి కొడతాడు. కుడిచేతి షాట్ ఉన్నవాడు ఎడమ వైపు నిలబడితే ఛాతీ, బ్లేడ్ రెండూ మధ్యకు తిరిగి ఉంటాయి, అవతల నుంచి వచ్చిన పాస్ నేరుగా బ్లేడ్ ముందుకొస్తుంది. కుడి వైపు నిలబడితే అదే పాస్ ఒంటికి అడ్డంగా వస్తుంది, ముందు ఆపక తప్పదు. నేర్చుకునేటప్పుడు భుజం దాకా ఎత్తక్కర్లేదు, మోకాలి ఎత్తు చాలు. ముందు పాదానికి ఎదురుగా పక్‌ను అందుకోవాలి. బ్లేడ్ పక్‌కు రెండు మూడు సెంటీమీటర్ల ముందే మంచును తాకాలి. పక్ మీదే నేరుగా దిగితే దాని అంచు తగిలి ఎటో పోతుంది. చాలాసార్లు తప్పు కొట్టేవాడిది కాదు, పాస్‌ది. ఎగురుతూ వచ్చే పక్‌ను వన్‌టైమర్ కొట్టడం అనుభవజ్ఞులకే కష్టం. కాబట్టి ఇద్దరినీ కలిపి సాధన చేయించాలి.

ఇంత చెప్పినా చాలా గోల్స్ అందంగా రావు. నెట్ ముందు తోపులాటలో వస్తాయి. అక్కడ పనిచేయడానికి ఓపిక కావాలి, దెబ్బలు తినడానికి సిద్ధపడాలి, అందుకే దాన్ని నేర్పమని ఎవరూ అడగరు. నెట్ ముందు గోలీ కోసం నీలి రంగు వేసిన చోటు, అంటే క్రీజ్ బయట, గోలీ కళ్లకూ షాట్ కొట్టేవాడికీ మధ్యలో నిలబడాలి. మోకాళ్లు వంచి, పాదాలు భుజాల కన్నా వెడల్పుగా పెట్టి, మొహం షాట్ వైపు తిప్పి, బ్లేడ్ మంచు మీద ఉంచాలి. బ్లేడ్ గాల్లో ఉన్నవాడికి రీబౌండ్ (గోలీకి తగిలి తిరిగొచ్చిన పక్) అందదు, ఎందుకంటే బ్లేడ్ కిందకు దిగేలోగా డిఫెండర్ ఆ స్టిక్‌ను లేపేస్తాడు. గోలీని తాకకూడదు, అతని కదలికకు అడ్డుపడితే గోల్ ఇవ్వరు.

పక్‌ను దారి మళ్లించేటప్పుడు ఊపడం పనికిరాదు. వేగంగా వస్తున్న పక్ వైపు స్టిక్ ఊపితే పదిలో తొమ్మిది సార్లు తగలదు. బ్లేడ్‌ను కోణంలో పెట్టి, కింది చేతి పట్టు బిగించి, పక్‌నే వచ్చి తగలనివ్వాలి. నీలి గీత నుంచి కొట్టేవాడు కూడా నెట్‌కు కాక ఆ బ్లేడ్‌కు గురిపెట్టాలి, చీలమండ ఎత్తుకు మించకుండా. క్రాస్‌బార్ కన్నా ఎత్తులో స్టిక్‌కు తగిలి లోపలికి పోయిన పక్ గోల్ కాదు. కాలితో తన్నితే గోల్ కాదు, తన్నకుండా స్కేట్‌కు తగిలి మళ్లితే గోల్. ఈ నియమం తెలిస్తే స్కేట్‌ను ఏ కోణంలో పెట్టుకోవాలో కూడా ఆలోచిస్తారు.

బ్యాక్‌హ్యాండ్, అంటే బ్లేడ్ వెనక వైపుతో కొట్టే షాట్ గురించి ఒక్క మాట. బ్లేడ్ వంపు అటువైపు ఉండదు కాబట్టి పక్ ఎంత ఎత్తు లేస్తుందో గోలీకి ముందుగా అంచనా చిక్కదు. దగ్గర నుంచి ఇది పెద్ద లాభం. అయినా సాధనలో దీనికి పావు వంతు సమయం కూడా ఇవ్వరు. గోలీ ఒక్కడే మిగిలినప్పుడు కూడా ఇదే అక్కరకొస్తుంది. గోలీ నెట్‌కు బాగా ముందుకొచ్చి ఉంటే పక్‌ను పక్కకు లాగి దాటాలి, నెట్‌లోనే లోతుగా ఉంటే కొట్టేయాలి. లాగేటప్పుడు గోలీ స్టిక్ అందేంత దగ్గరికి పోకూడదు. చాలామంది ఆఖరి మీటరు దాకా ఆగి, అతను చాచిన స్టిక్‌కే పక్‌ను అప్పజెబుతారు.

సాధన ఎలా? నిలబడి 100 పక్‌లు వరసగా కొట్టడం వల్ల చేతులు అలసిపోతాయి, అంతే. ఆటలో ఎవరూ నిలబడి కొట్టరు. పది పక్‌ల చొప్పున నాలుగైదు విడతలు, మధ్యలో నిమిషం విరామం చాలు. ప్రతి పక్ పాస్‌గానే రావాలి, అదీ ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి. దూరం 4 నుంచి 7 మీటర్లు. గోలీ లేకపోతే నెట్ మధ్యలో ఏదైనా అడ్డం పెట్టి, పాస్ వచ్చిన వైపుకు కాకుండా దానికి ఎదురు వైపుకు కొట్టాలి. మంచు దొరకని రోజుల్లో నున్నటి ప్లాస్టిక్ పలక మీద అసలు పక్‌తోనే రిస్ట్ షాట్ సాధన చేయవచ్చు. వన్‌టైమర్‌కు మాత్రం అది అంత మంచిది కాదు, పలక అంచు బ్లేడ్‌ను పట్టేస్తుంది.

ఎదుగుదల కొలవడానికి రాడార్ అక్కర్లేదు. ఫోన్‌ను పక్క నుంచి పెట్టి సెకనుకు 30 ఫ్రేముల వీడియో తీయండి. పాస్ బ్లేడ్‌కు తగిలిన ఫ్రేము నుంచి పక్ బ్లేడ్‌ను వదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. 30 వస్తే ఒక సెకను, 15 వస్తే అర సెకను. 20 దాటుతుంటే ఆ మిగిలిన ఫ్రేముల్లో ఆటగాడు ఏం చేస్తున్నాడో ఒక్కొక్కటిగా ఆపి చూడండి. చాలావరకు పక్‌ను అనవసరంగా రెండోసారి తాకడమో, పాస్ వచ్చేటప్పటికి పాదాలు నెట్ వైపు తిరిగి లేకపోవడమో కనిపిస్తుంది. రెండోదైతే షాట్ జోలికి పోకుండా, పాస్ రాకముందే పాదాలు తిప్పుకోవడం మీద ఆ వారమంతా పనిచేయించాలి.

ఇట్లు,
ఒక ఐస్ హాకీ శిక్షకుడు