సమాధి లోపల దీపాలు పెట్టకండి

సంపాదకులు గారికి,

ఇంగ్లండ్‌లో స్టోన్‌హెంజ్ చూడ్డానికి వచ్చే మన తెలుగువాళ్ళు కొందరు అక్కణ్ణుంచి ముప్పావుగంట దూరంలో, ఏవ్‌బరీ దగ్గరున్న వెస్ట్ కెనెట్ సమాధి దిబ్బకు కూడా వెళ్తున్నారు, మా చుట్టాలను నేనూ తీసుకెళ్తుంటాను. టికెట్ లేదు, కాపలా మనిషి లేడు, పొలాల మధ్య గట్టు ఎక్కి నేరుగా లోపలికి నడిచిపోవచ్చు. గొడవంతా అక్కడే. లోపలి బండల సందుల్లో టీలైట్ల రేకు గిన్నెలు, కారి గట్టిపడిన మైనం, దాని పైన జానెడు మేర నల్లటి మసి. వేడికి రాయి పెచ్చులూడుతుంది, ఊడింది మళ్ళీ అతకదు.

అది క్రీ.పూ. 3650 ప్రాంతంలో, తెలంగాణలోని మన జానంపేట రాక్షస గుళ్ళ (పాతకాలపు రాతి సమాధుల) కన్నా ఎంతో ముందు కట్టింది. సుమారు 100 మీటర్ల పొడవైన మట్టిదిబ్బ, తూర్పు చివర పెద్ద బండలతో 5 గదులు. 1859లో ఒకసారి, 1955-56లో పురావస్తు శాస్త్రవేత్తలు స్టువర్ట్ పిగాట్, రిచర్డ్ అట్కిన్సన్ మరోసారి తవ్వితే కనీసం 36 మంది ఎముకలు బయటపడ్డాయి. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పసిపిల్లలు. ఒక ముసలాయన గొంతు దగ్గర చెకుముకి రాతి బాణం మొన దొరికింది. పాత ఎముకలను పక్కకు జరిపి కొత్తవాళ్ళకు చోటిచ్చారు, కొన్ని పుర్రెలు, పొడవాటి ఎముకలు అసలు లేవు, బహుశా బయటికి తీసుకెళ్ళి ఉంటారు. ఇంత చేసీ వాళ్ళు శవాలను అందులో ఉంచింది ఒక తరం పాటేనని కార్బన్ పరీక్షల్లో తేలింది, నన్నడిగితే అన్నిటికన్నా ఆశ్చర్యం ఇదే. ఆ తర్వాత ఎప్పటికో గదులను సుద్దమట్టితో, కుండపెంకులతో నింపేసి ముందు పెద్ద బండలు నిలబెట్టి మూసేశారు.

పోయినవాళ్ళ దగ్గర దీపం పెట్టడం మనకు మర్యాద, కాదనను. ఇక్కడివాళ్ళలో కూడా కొందరు అక్కడ పూజలు చేసుకుంటారు. కానీ 1882లో బ్రిటన్ పురాతన కట్టడాల కోసం మొదటి రక్షణ చట్టం తెచ్చినప్పుడే జాబితాలోకి ఎక్కిన కట్టడమిది, 1979 చట్టం ప్రకారం దాన్ని పాడుచేయడం నేరం. దణ్ణం పెట్టుకోండి, పూలు కూడా వద్దు, వెలుతురు కావాలంటే ఫోన్ టార్చ్ చాలు.

మీ పేపర్ టూరిజం పేజీలో ఈ చోటు గురించి ఎప్పుడు రాసినా ఫొటోకి బాగుంటుందని మాత్రమే రాయకుండా, అది సమాధి అనీ, లోపల ఏదీ వెలిగించొద్దనీ దయచేసి ఒక్క లైను వేయండి.

— ఒక పాఠకురాలు, స్విండన్, ఇంగ్లండ్