మండపం ముందు పాత సినిమాలు: సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

హైదరాబాద్ నల్లకుంటలో మా కాలనీ గణపతి మండపం దగ్గర ఈసారి నవరాత్రుల్లో రోజూ సాయంత్రం హారతి అయ్యాక ఒక పాత సినిమా వేశాం. నిమజ్జనం అయిపోయింది, పందిరి కూడా విప్పేశారు. సినిమాల బాధ్యత కమిటీ నాకు అప్పజెప్పింది కాబట్టి, దాన్ని గట్టెక్కించిన వాళ్ళందరికీ కృతజ్ఞతలు చెప్పడం కూడా నా వంతే. పేర్లు రాయొద్దని చాలామంది అన్నారు. అందుకే రాయడం లేదు, చదివితే ఎవరికి వాళ్ళకి తెలుస్తుంది.

నేను సినిమా పరిశోధన చేసిన మనిషిని కాదు. ఖాళీ దొరికితే చూస్తాను, నచ్చితే నలుగురికీ చెబుతాను. ఈ సినిమాల మీద కింద రాసినవన్నీ అలాంటి ప్రేక్షకుడి అభిప్రాయాలు. అయితే ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. ఇవే సినిమాలు ఇంతకు ముందు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చూశాను. ఈసారి మీ అందరి మధ్యా కూర్చుని చూస్తే నాకు వేరే సినిమాల్లా అనిపించాయి.

ముందుగా వెనక సందులో ట్యూషన్లు చెప్పే మాస్టారికి నమస్కారం. ప్రొజెక్టర్ ఇస్తామని అడ్వాన్స్ తీసుకున్న అద్దె షాపు వాళ్ళు చవితి రోజు మధ్యాహ్నం నుంచి ఫోన్ ఎత్తలేదు. కమిటీలో అందరికీ టెన్షన్. మొదటి రోజు ప్రోగ్రామ్ రద్దు చేద్దామనుకుంటుండగా మాస్టారు వచ్చి, "నా దగ్గర పిల్లలకి పాఠాలు చూపించే ప్రొజెక్టర్ ఉంది, పనికొస్తుందేమో చూడండి" అన్నారు. ఆ రోజు నుంచి ఆఖరి రోజు దాకా, బ్యాచ్ అయిపోగానే స్కూటర్ ముందు పెట్టుకుని ఆయనే తెచ్చారు, ఫోకస్ ఆయనే సరిచేశారు, సినిమా అయ్యాక మళ్ళీ ఆయనే తీసుకెళ్ళారు. కిరాయి ఇవ్వబోతే అన్నదానం ఖాతాలో రాసేయమన్నారు.

తెరకి గుడ్డ ఇచ్చిన మెయిన్ రోడ్డు బట్టల షాపు అన్నకీ, దాన్ని వెదురు బొంగుల మధ్య కట్టిన డెకరేషన్ కుర్రాళ్ళకీ ధన్యవాదాలు. గాలికి తెర ఊగిపోతుంటే వాళ్ళలో ఒకతను కింది అంచు మడిచి కుట్టించి, ఆ మడతలో ఇసుక నింపాడు. ఆ తర్వాత తెర కదిలితే ఒట్టు.

సినిమాలు ఎంచిపెట్టింది మన కాలనీ రిటైర్డ్ టీచరమ్మ గారు. మొదటి సాయంత్రానికి ఆవిడ 'మిస్సమ్మ' (1955) అన్నప్పుడు నేను కొంచెం సందేహించాను. పండగ పూట పౌరాణికం వేస్తే బాగుంటుందని నా ఆలోచన. ఆవిడ చెప్పిందే సరైనది. ఉద్యోగం కోసం ఇద్దరు నిరుద్యోగులు మొగుడూ పెళ్ళాలమని అబద్ధం చెప్పి ఒక ఊళ్ళో టీచర్లుగా చేరడమనే కథకి ఇప్పటికీ పాత వాసన రాలేదు. అద్దె ఇళ్ళ కోసం తిరిగే మన కాలనీ పిల్లలు ఎంత నవ్వారో! ఈ వేషానికి మొదట భానుమతి గారిని అనుకుని కొంత షూటింగ్ కూడా చేశాక సావిత్రికి ఇచ్చారని టీచరమ్మ గారు సినిమాకి ముందు చెప్పారు. అది విన్నాక సావిత్రి ముక్కు మీది కోపాన్ని ఇంకాస్త శ్రద్ధగా చూశాను. ఆవిడ కోపంలో అలుపు కూడా కనిపిస్తుంది. డబ్బుల్లేని ఆడపిల్ల, నలుగురి ముందూ రోజంతా నటించాల్సిన ఆడపిల్ల పడే అలుపు అది.

ఈ సినిమాలో నాకు మింగుడుపడనిది ముగింపు. సావిత్రి వేసిన క్రైస్తవ అమ్మాయి మేరీ చివరికి జమీందారు గారి తప్పిపోయిన కూతురే అని తేలుతుంది, అన్ని చిక్కులూ ఒక్కసారిగా విడిపోతాయి. మేరీ మేరీగానే ఉండి పెళ్ళి జరిగి ఉంటే నాకు ఇంకా నచ్చేది. ఈ మాట అంటే టీచరమ్మ గారు ఒప్పుకోలేదు. 1955లో అంతవరకు తీసుకెళ్ళడమే గొప్ప అంటారావిడ. ఆ చర్చ మండపం మెట్ల మీద చాలాసేపు సాగింది. ఎవరి మాట మీద వాళ్ళం ఉన్నాం.

'గుండమ్మ కథ' (1962) గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, అది వేసిన రోజు కుర్చీలు చాల్లేదు. సూర్యకాంతం గారు ఎడమ చెయ్యి తిప్పుతూ మాట్లాడుతుంటే ముందు వరసలో కూర్చున్న ఆంటీలందరూ డైలాగు ఆవిడ కంటే ముందే చెప్పేశారు. రెండో సగం నాకు కొంచెం సాగినట్టు అనిపించింది, అయినా గుండమ్మ తెర మీద ఉన్నంతసేపూ టైమ్ తెలియదు. ఇళ్ళ నుంచి కుర్చీలూ, చాపలూ మోసుకొచ్చిన ఇరుగుపొరుగు వాళ్ళకి ప్రత్యేకంగా ధన్యవాదాలు.

'దేవదాసు' (1953) పెద్దవాళ్ళ కోరిక మీద వేశాం. పాటలకు చేతులెత్తి నమస్కరిస్తాను. ఆ సంగీతం చేసిన సి.ఆర్.సుబ్బురామన్ గారు సినిమా విడుదల కాకముందే, 1952లోనే చనిపోయారని తెలిసి మనసు కలుక్కుమంది. కానీ దేవదాసు మీద నాకు జాలి కంటే కోపం ఎక్కువ వచ్చింది. పార్వతి అర్ధరాత్రి ధైర్యం చేసి వచ్చి అడిగినప్పుడు నిలబడలేని మనిషి, తర్వాత ఎంత తాగితే ఏం లాభం? అక్కినేని గారు ఎంత బాగా చేశారంటే ఆ బలహీనత మీద మనకి కోపం వచ్చేంత బాగా చేశారు. నా మట్టుకు ఆ కథలో గట్టి మనిషి పార్వతే. దీని మీద కూడా మీలో చాలామందికి వేరే అభిప్రాయం ఉందని తెలుసు.

ఇక్కడ మా రెండో అంతస్తు బామ్మ గారి సంగతి చెప్పాలి. దేవదాసు వేసిన మర్నాడు ఆవిడ నన్ను ఇంటికి పిలిచి ఒక రేకు పెట్టె తెరిచారు. అందులో తాతగారు దాచిన సినిమా పాటల పుస్తకాలు ఉన్నాయి. అప్పట్లో హాలు బయట అమ్మేవారు కదా, పల్చటి కాగితం, ముందు పేజీల్లో కథ, తర్వాత పాటలు. కథ సగం వరకే చెప్పి మిగతాది వెండితెర మీద చూడమని రాసేవాళ్ళు. తాతగారు ప్రతి పుస్తకం వెనక అట్ట మీద సిరా పెన్నుతో సినిమా చూసిన తేదీ, టిక్కెట్టు ధర, పక్కన ఎవరున్నారో రాసుకున్నారు. ఒకదాని మీద 'వర్షం, నడిచి ఇంటికి' అని ఉంది. బామ్మ గారు ఆ పుస్తకాలు మండపం దగ్గర బల్ల మీద పెట్టుకోవడానికి ఇచ్చారు. ఎంతమంది వాటిని చేతిలోకి తీసుకున్నారో! ఒక్క కాగితం కూడా చిరగలేదు. అమ్మమ్మలూ, ఆరో తరగతి పిల్లలూ ఒకే పుస్తకం మీద వంగి పాట చదవడం నేను చూశాను. బామ్మ గారూ, మీకు పాదాభివందనం.

'శంకరాభరణం' (1980) నాడు మైక్ సెట్ అన్న గొప్పతనం బయటపడింది. మా దగ్గరున్న ప్రింటులో కింద జుంయ్ మని ఒకటే హోరు. రాగం మొదలైతే హోరు, మాట మొదలైతే హోరు. అన్న మిక్సర్ ముందు కూర్చుని, ఒక చెవి స్పీకర్ వైపు పెట్టి, ఒక్కో మీట కొంచెం కొంచెంగా తగ్గిస్తూ పెంచుతూ పోయాడు. మొదటి పాట సగానికి వచ్చేసరికి బాలు గారి గొంతు నీళ్ళు తేటపడ్డట్టు తేటపడింది. వెనక కూర్చున్న వాళ్ళు చప్పట్లు కొట్టింది ఆ అన్నకే. శంకరశాస్త్రిగా వేసిన సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన మనిషి అని చెబితే పిల్లలు నమ్మలేదు. ఆయన నడక చూస్తే పుట్టినప్పటి నుంచి తంబురా పక్కనే ఉన్నట్టుంటుంది మరి. నాకు మాత్రం ఆయన కంటే మంజుభార్గవి ఎక్కువ గుర్తుండిపోయారు. తులసి పాత్రకి మాటలు బాగా తక్కువ. ఎక్కడ నిలబడుతుంది, ఎప్పుడు తల దించుకుంటుంది అన్నదాంట్లోనే కథంతా ఉంది. కుర్రాళ్ళు గిటార్లు పట్టుకుని శాస్త్రిగారిని ఏడిపించే సీన్ ఒక్కటి నాకు ఏకపక్షంగా అనిపించింది. పాశ్చాత్య సంగీతం తరఫున మాట్లాడటానికి ఒక్క మంచి పాటగాడిని కూడా పెట్టలేదు. సినిమా 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. దర్శకుడు విశ్వనాథ్ గారు 2023లో అదే ఫిబ్రవరి 2న మన హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. టీచరమ్మ గారు ఈ సంగతి చెప్పి, సినిమాకి ముందు అందరితో రెండు నిమిషాలు మౌనం పాటింపజేశారు.

'అహ నా పెళ్ళంట' (1987) పిల్లల రాత్రి. కోడిని ఎదురుగా వేలాడదీసి దాన్ని చూస్తూ కోట గారు అన్నం తినే సీన్ వచ్చేసరికి వాచ్‌మన్ గారి చిన్నోడు నవ్వలేక చాప మీద దొర్లాడు. కోట గారు 2025 జూలైలో వెళ్ళిపోయాక ఆ సినిమా నేను చూడటం ఇదే మొదలు. పిసినారితనాన్ని ఇంత సీరియస్‌గా చేసిన నటుడు ఇంకొకరు లేరు. ఆయన ఎక్కడా నవ్వించడానికి ప్రయత్నించరు, అదే జంధ్యాల గారు ఆయన దగ్గర రాబట్టింది.

'శివ' (1989) వేసిన రోజు వాన. గంట సినిమా కూడా కాలేదు, చినుకులు మొదలయ్యాయి. అందరూ వెళ్ళిపోతారనుకున్నాను. కాలనీ కుర్రాళ్ళు పది నిమిషాల్లో తెర, స్పీకర్లు, కుర్చీలు అన్నీ సెల్లార్‌లోకి మార్చేశారు. బండ్లు బయట పెట్టుకుని తడవనిచ్చారు. ఎలక్ట్రీషియన్ తమ్ముడు మోటారు రూమ్ నుంచి వైరు లాగి, జాయింట్లన్నిటికీ టేపు చుట్టి, ఎవరూ ముట్టుకోకుండా చివరి దాకా అక్కడే నిలబడ్డాడు. ఆ సెల్లార్‌లో సైకిల్ చైన్ తెగే శబ్దం వినాలి! నాకు ఆ సినిమాలో ఫైట్ల కంటే ఫైట్‌కి ముందుండే నిశ్శబ్దం ఇష్టం. రఘువరన్ గొంతు పెంచకుండా మాట్లాడే తీరు కూడా అంతే. దానితో పోలిస్తే పాటల సీన్లు నాకు అడ్డంగా తగిలాయి.

తెలంగాణ రైతుల పోరాటం మీద తీసిన 'మా భూమి' (1979) వెయ్యాలా వద్దా అని కమిటీలో కొంత తర్జనభర్జన జరిగింది. పండగ వాతావరణానికి బరువైపోతుందేమోనని. వేద్దామని పట్టుబట్టింది సూర్యాపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఇంకో తాతగారు. తన దగ్గరున్న డీవీడీ కూడా ఆయనే ఇచ్చారు. కృష్ణచందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' ఆధారంగా గౌతమ్ ఘోష్ తీశారు, నిర్మాతల్లో బి.నర్సింగరావు గారు ఒకరు. మెదక్ జిల్లా మంగళపర్తిలో షూటింగ్ చేశారు. ఇందులో స్టార్లు లేరు, మేకప్ లేదు. మట్టి మట్టిలాగే, చెమట చెమటలాగే కనిపిస్తాయి. గద్దర్ గొంగడి కప్పుకుని బండి యాదగిరి పాట అందుకున్నప్పుడు తాతగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. వెనక వాళ్ళెవరూ కూర్చోమని అనలేదు. నన్ను ఎక్కువ ఆలోచనలో పెట్టింది చివరి భాగం. 1948 పోలీస్ చర్యతో కథ ముగిసిపోతుందనుకుంటాం. కానీ దొర మళ్ళీ ఊళ్ళోకి వస్తాడు, టోపీ ఒక్కటే మారుతుంది. సినిమా అయ్యాక తాతగారు మైకు తీసుకుని వాళ్ళ ఊళ్ళో వెట్టి ఎలా ఉండేదో తమ నాన్న చెప్పిన సంగతులు చెప్పారు. మన కాలనీలో రెండు రాష్ట్రాల వాళ్ళమూ ఉన్నాం. అందరూ కదలకుండా విన్నారు. తాతగారూ, ఆ రాత్రి మీ వల్లే సాధ్యమైంది.

ఆఖరి రోజుకి 'మాయాబజార్' (1957) అని అందరం ముందే అనుకున్నాం. అది మూడు గంటల పైన ఉంటుంది, మైకు పదింటికల్లా ఆపాలి. అందుకే పంతులు గారు హారతి ముందుకు జరిపారు, రౌండ్స్‌కి వచ్చిన కానిస్టేబుల్ గారు సందు మొదట్లో బండ్లు ఆగకుండా చూసి, కాసేపు తనూ నిలబడి చూశారు. ఇద్దరికీ థాంక్స్. పిల్లలు 2010లో వచ్చిన రంగుల ప్రింటు వెయ్యమన్నారు. ముందు ఒక పాట రంగుల్లో, అదే పాట నలుపు తెలుపుల్లో వేసి చూపించాం. వెన్నెల్లో పడవ పాట అది. మార్కస్ బార్ట్లీ కెమెరాతో పుట్టించిన ఆ వెన్నెలకి రంగు అక్కర్లేదని పిల్లలే తేల్చేశారు. నా ఓటూ దానికే.

అందరూ ఎస్వీఆర్ భోజనం సీన్ గురించి చెబుతారు, అది నిజంగానే గొప్పది. కానీ నన్నడిగితే ఆ సినిమాకి ప్రాణం మాయా శశిరేఖ. ఒంట్లో ఘటోత్కచుడు, పైకి పెళ్ళికూతురు. ఈ వేషాన్ని సావిత్రి భుజాలతో, నడకతో, ఒక్క క్షణం పైకి లేచే కనుబొమతో చేసేశారు. పెళ్ళి పీటల మీద రేలంగి కాలు తొక్కేటప్పుడు ఆవిడ ముఖం చూడండి, పైన సిగ్గు అలాగే ఉంటుంది. పెద్ద తెర మీద చూస్తే తప్ప అది నాకు దొరకలేదు. పాండవులు ఒక్క సీన్లో కూడా కనిపించరని మాస్టారు చెప్పేదాకా నేను గమనించనే లేదు, అంత పకడ్బందీగా రాశారు.

టీ పంపిన హోటల్ వాళ్ళకి, రోజూ చీపురు పట్టిన వాచ్‌మన్ గారి భార్యకి, ప్రసాదంతో పాటు అటుకులు కలిపి పంచిన మహిళా మండలి అక్కలకి, చివరి వరుసలో కూర్చుని చిన్నపిల్లల్ని సముదాయించిన అమ్మలకి కూడా నా ధన్యవాదాలు.

పాటల పుస్తకాలన్నీ లెక్క చూసి బామ్మ గారికి అప్పగించాను. తాతగారి డీవీడీ ఇచ్చేశాను. రెండు చాపలు, ఒక స్టీలు చెంబు ఎవరివో తెలియక కమిటీ గదిలో ఉంచాం, వచ్చి తీసుకెళ్ళండి. బామ్మ గారు అడిగిన 'మల్లీశ్వరి' (1951) మంచి ప్రింటు దొరక్క ఈసారి వెయ్యలేకపోయాం. మాటలు స్పష్టంగా వినిపించే కాపీ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, మాస్టారు ప్రొజెక్టర్ ఇస్తానన్నారు. దసరా లోపు ఒక ఆదివారం బామ్మ గారి కోసం వేద్దాం.