రబ్బరు ఊడదీయకుండా రంగు వేయొద్దు

సంపాదకుడికి,

సైన్యం వేలం వేసిన శక్తిమాన్ లారీ, జోంగా (సైనిక జీపు) కొన్నవారు ముందుగా చేయించేది రంగే. చేయించక తప్పదు కూడా. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది రక్షణ శాఖ బండ్లకు తప్ప వేరే దేనికీ ఆలివ్ గ్రీన్ ఉండకూడదంటోంది. కానీ చాలా షెడ్లలో అద్దం రబ్బరుకు, తలుపు బీడింగుకు (తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీకి) టేపు అంటించి పైపైనే స్ప్రే కొట్టేస్తున్నారు. అంచనా కాగితంలో రబ్బరు మాటే ఉండదు. జబల్‌పూర్‌లో శక్తిమాన్ తయారీ 1996లో, జోంగా 1999లో ఆగిపోయాయి. అంటే బండితో వచ్చిన రబ్బరు ఇంకా ఉంటే దానికి పాతికేళ్లు దాటాయి. ఎండకు బిగుసుకుపోయి, పగుళ్లిచ్చిన ఆ రబ్బరు వెనక నీరు నిలిచి రేకు అంచును తినేస్తుంటుంది. పైన ఎంత మంచి రంగు వేసినా టేపు గీత వెంబడే పొక్కులు లేస్తాయి.

అద్దాలు దించి, రబ్బరంతా తీశాకే గీకుడు మొదలుపెట్టాలి. పాత అద్దం రబ్బరును స్క్రూడ్రైవరుతో పెకలించకండి, అద్దం అంచు చిట్లుతుంది. లోపలివైపు పెదవిని, అంటే రేకును పట్టుకునే రబ్బరు అంచును, కత్తితో కోస్తే అద్దం దానంతటదే వదులవుతుంది. ముందు అద్దం లామినేటెడ్ (రెండు పొరలు అతికించినది) అయితే అంచుకు థిన్నర్ తగలనివ్వొద్దు, పొరల మధ్యకు పాకి తెల్లగా మసకబారుతుంది. పాత సైనిక రంగుల్లో సీసం, క్రోమేట్ లాంటి విష పదార్థాలు ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా రుద్దొద్దు, నీళ్లతో తడుపుతూ రుద్దాలి.

అంచు మీది తుప్పును వైరు బ్రష్షుతో మెరిసే ఇనుము కనిపించేదాకా తీయాలి. గుంటల్లో మిగిలినదానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు పూసి, కడిగి, బాగా ఆరబెట్టి, ఎపాక్సీ ప్రైమర్ వేయాలి. రంగు రెండు పల్చని పూతలు చాలు. అంచు మీద లప్పం, కారిన రంగు మిగిలితే రబ్బరు గాడిలో కూర్చోదు. ఈ దశలో షెడ్డులో సిలికాన్ స్ప్రే వాడనే కూడదు. దాని తుంపర రేకు మీద పడితే రంగు చేపకన్నుల్లా గుంటలు పడుతుంది. రెండు డబ్బాలు కలిపి వేసే పీయూ (పాలీయురెథేన్) రంగులో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు, బయటి గాలి అందించే మాస్కు కావాలి.

ఎక్కువమంది తొందరపడేది ఆరబెట్టడంలోనే. సింథటిక్ ఎనామిల్ పూటలో చేతికి అంటకుండా ఆరినా లోపల మెత్తగానే ఉంటుంది. అప్పుడే బీడింగు బిగించి తలుపు వేస్తే రబ్బరు రంగుకు అతుక్కుని, తెరిచినప్పుడు పొరతో సహా లేచొస్తుంది. కనీసం వారం ఆగాలి, వానాకాలంలో పది రోజులకు పైనే. బిగించాక రబ్బరుకు కాస్త టాల్కమ్ పౌడరు రాయడం మంచిది.

కొనేటప్పుడు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరే అడగండి, ఎండకు తట్టుకుంటుంది. డీజిలు, గ్రీజు తగిలితే మాత్రం ఉబ్బుతుంది. కొలతకు పాత ముక్కను నమ్మొద్దు, అది అణిగిపోయి ఉంటుంది. తలుపు సందులో నాలుగైదు చోట్ల మెత్తని బంకమట్టి ముద్ద పెట్టి తలుపు మూసి తీస్తే అసలు ఖాళీ తెలుస్తుంది. 8 మిల్లీమీటర్లు వస్తే 12 మిల్లీమీటర్ల గొట్టం రబ్బరు సరిపోతుంది, మూడో వంతు నొక్కుకుంటుంది. అంతకంటే లావైతే తలుపు పడదు, బలవంతంగా వేస్తే గొళ్లెం, కీలు అరుగుతాయి. రబ్బరు గాడి సైజు కోసం రేకు అంచు మందాన్ని రంగు ఆరాకే కొలవాలి.

తలుపు చుట్టుకొలత 3.6 మీటర్లయితే 3.75 మీటర్లు కొనండి. సాగదీసి అతికించిన రబ్బరు కొన్ని వారాల్లో వెనక్కి ముడుచుకుని మూలల్లో లేస్తుంది. చివర ఒక సెంటీమీటరు ఎక్కువ ఉంచి లోపలికి తోస్తూ కలపాలి, అతుకు తలుపు అడుగున పడాలి. కాంటాక్ట్ జిగురును రబ్బరుకు, రేకుకు రెండింటికీ పూసి, పది పదిహేను నిమిషాలకు వేలికి అంటనంతగా ఆరాకే నొక్కాలి.

అద్దానికి తాడు పద్ధతే మేలు. రబ్బరును ముందు అద్దానికి తొడిగి, రేకు కూర్చునే గాడిలో 5 మిల్లీమీటర్ల నైలాన్ తాడు పెట్టి, కింద మధ్యలో రెండు కొసలూ ఒక జానెడు ఒకదానిపై ఒకటి వచ్చేలా లోపలికి వదలాలి. గాడికి సబ్బు నీళ్లు పూయాలి, గ్రీజు కాదు. బయట ఒకరు అరచేత్తో నొక్కుతుంటే లోపలివారు తాడును నెమ్మదిగా లాగాలి. పెదవి అంచును దాటి కూర్చుంటుంది.

చివరగా తలుపు అడుగున ఉన్న నీటి రంధ్రాల్లో పేరుకున్న రంగును సన్నని తీగతో తీసి, పైపుతో కింది నుంచి పైకి ఒక్కోచోట ఐదు నిమిషాలు నీళ్లు పట్టండి. లోపల టార్చితో ఒకరు కూర్చుంటే చుక్క ఎక్కడ మొదలైందో దొరుకుతుంది. కారితే పుల్లటి వాసన వచ్చే సిలికాన్ పూయొద్దు, అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం ఇనుమును తుప్పు పట్టిస్తుంది. ఆ ముక్క విప్పి మళ్లీ కూర్చోబెట్టాలి.

కూడళ్లలో, ఉద్యానాల్లో ప్రదర్శనకు నిలిపిన సైనిక లారీలకు రంగు వేయించే అధికారులకు మనవి: టెండరు పత్రంలో రబ్బరు మార్పిడిని, రేకు అంచు తుప్పు పనిని విడి పద్దులుగా రాయండి. రాయని పని ఏ కాంట్రాక్టరూ చేయడు.

ఇట్లు,
పాత సైనిక వాహనాల బాడీ పనివారు,
సికింద్రాబాద్