ఖర్చు లెక్క తప్పని చూపిస్తుంటే వినేవాళ్లే లేరా?

జవహర్ ఆటోనగర్,
విజయవాడ.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: ప్లాస్టిక్ పార్టుల ఖర్చు అంచనా వేసే మీ సాఫ్ట్‌వేర్‌లో లెక్క తప్పు రావడం, ఎన్నిసార్లు చెప్పినా మీ సపోర్ట్ వాళ్లు పట్టించుకోకపోవడం.

అయ్యా,

సపోర్ట్ వాళ్లకు చెప్పీ చెప్పీ విసిగిపోయి నేరుగా మీకే రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ అన్నాక తప్పులు వస్తాయి, అది నాకు తెలుసు. ఆ తప్పు ఇదిగో ఇక్కడుంది అని కాగితం మీద రాసి చూపిస్తుంటే, మీ కంపెనీలో ఆ కాగితం చూసే మనిషి దొరకలేదు. నా కోపమంతా దాని మీదే.

ఆటోనగర్‌లో నాది చిన్న ఇంజెక్షన్ మోల్డింగ్ షెడ్డు, కరిగించిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి నెట్టి పార్టులు తీసే పని. రెండు మెషిన్లు. నేను, మా బావమరిది, ఇద్దరు కుర్రాళ్లు, అంతే. డబ్బా మూతలు, పైపు ఫిట్టింగులు, స్ప్రేయర్ల విడిభాగాలు చేస్తాం. గుంటూరు, పల్నాడు వైపు మిర్చి వేసే రైతులు ఉన్నంతకాలం స్ప్రేయర్ల పని ఉంటుంది కాబట్టి మాకు అదే ముఖ్యం.

గుంటూరు పార్టీ ఒకాయన స్ప్రేయర్ ట్యాంకు మూతకి రేటు అడిగారు. డై (అచ్చు) ఆయనదే, అందులో నాలుగు క్యావిటీలు, అంటే మూత రూపుకట్టే గుంటలు, మెటీరియల్ పీపీ అనే ప్లాస్టిక్, 50,000 ముక్కలు. మూత బరువు 18 గ్రాములు, షాట్‌కి, అంటే డైలోకి ప్లాస్టిక్ నింపే ఒక్కో విడతకి, రన్నర్ (మూతలతో పాటు గడ్డకట్టి వచ్చే అదనపు ప్లాస్టిక్) 8 గ్రాములు. ఒక షాట్‌లో నాలుగు మూతలు పడతాయి కాబట్టి ఆ 8 గ్రాములు నాలుగింటికీ పంచితే మూతకు 20 గ్రాములు. అప్‌డేట్ వేశాక మీ సాఫ్ట్‌వేర్ ఆ 8 గ్రాములూ ప్రతి మూతకీ కలిపేసి 26 గ్రాములని చూపించింది. కిలో రూ.120 చొప్పున రూ.2.40 కావాల్సిన మెటీరియల్ రూ.3.12 అయింది. మూతకు 72 పైసలు తేడా, ఆర్డరు మొత్తం మీద రూ.36,000. రిజెక్షన్ (పాడైపోయే ముక్కల) శాతం, మా లాభం, ఆఖరున జీఎస్టీ, అన్నీ ఆ తప్పు అంకె మీదే ఎక్కాయి. రన్నర్‌ని గ్రైండర్‌లో వేసి మళ్లీ కొంత వాడుకుంటాం, ఆ మినహాయింపు సంగతి ఇక్కడ ఎత్తడం లేదు.

కొటేషన్ చూసి ఆయన మళ్లీ ఫోన్ ఎత్తలేదు. ఆ పని హైదరాబాద్‌లోని జీడిమెట్లకు వెళ్లిపోయిందని తర్వాత తెలిసింది. పైసల దగ్గరే ఆర్డర్లు అటూ ఇటూ అయ్యే వ్యాపారం మాది. రేటు ఎందుకు అంత పెరిగిందా అని కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చుంటే తప్పు దొరికింది. సూరంపల్లిలో ప్లాస్టిక్ చదువులు చెప్పే సిపెట్ సంస్థలో చదువుకున్న కుర్రాడు మా పక్క షెడ్డులో ఉన్నాడు, అతని చేత కూడా చూపించాను. అతనికీ 20 గ్రాములే వచ్చింది.

ఇక మీ వాళ్ల సంగతి చెబుతాను, దయచేసి పూర్తిగా చదవండి.

మొదట మాట్లాడిన అబ్బాయి ఎర్రర్ కోడ్ ఎంత అని అడిగాడు. ఎర్రర్ ఏమీ రాలేదు బాబూ, లెక్కే తప్పు వచ్చింది అన్నాను. కోడ్ లేకపోతే టికెట్ ఓపెన్ అవదు సార్ అన్నాడు. అంటే సాఫ్ట్‌వేర్ తన తప్పు తానే ఒప్పుకుంటే తప్ప మీరు ఫిర్యాదు తీసుకోరా? చివరికి మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్నాడు. చేశాను. పాత కొటేషన్లన్నీ కనబడకుండా పోతే మా బావమరిది రాత్రంతా కూర్చుని బ్యాకప్ నుంచి తెచ్చుకున్నాడు. తెల్లారి చూస్తే మళ్లీ అదే 26 గ్రాములు.

తర్వాత చేత్తో వేసిన లెక్క ఫోటో తీసి మెయిల్ పెట్టాను. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది అని జవాబు వచ్చింది. ఆ వెంటనే మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు అని మెసేజ్. ఎవరు పరిష్కరించారు? ఏం పరిష్కరించారు? కాలేదని తిరిగి రాస్తే, ఈ టికెట్ మూసేశాం, కొత్తది తెరవండి అన్నారు. కొత్తది తెరిస్తే మళ్లీ ఎర్రర్ కోడ్ అడిగారు.

తెలుగు కోసం మూడు నొక్కమంటే నొక్కాను, వచ్చినాయన హిందీలో మాట్లాడారు. నా హిందీ మెటీరియల్ కొనేవరకే పనికొస్తుంది. తెలుగు మనిషికి ఇవ్వండి అని బతిమాలితే, చాలాసేపటి తర్వాత ఒక అమ్మాయి వచ్చింది. ఆమె గురించి మీకు చెప్పాలి. రన్నర్ అంటే ఏమిటండీ అని అడిగింది. నాజిల్ నుంచి క్యావిటీల దాకా కరిగిన ప్లాస్టిక్ వెళ్లే దారి అమ్మా, అందులో గడ్డకట్టింది కూడా పార్టులతో పాటే బయటికి వస్తుంది అని చెప్పాను. ఒక్క క్షణం ఆగి, అయితే నాలుగుకీ పంచాలి కదండీ అంది. మీ కంపెనీ మొత్తంలో నా మాట అర్థం చేసుకున్నది ఆ అమ్మాయి ఒక్కతే. టెక్నికల్ వాళ్లకు కలుపుతానంది. పాట వినిపించింది, కాసేపటికి లైన్ కట్ అయింది. మళ్లీ చేస్తే ఆమె దొరకలేదు. ఈ ఉత్తరం చూసి ఆమెను మాత్రం ఏమీ అనకండి.

నాకు ఎక్కువ బాధ కలిగించింది సీనియర్ టెక్నికల్ అని చెప్పుకున్నాయన. మా ఫార్ములా అన్ని చోట్లా వాడుతున్నారు, మీరే ఇన్‌పుట్ తప్పు ఇచ్చి ఉంటారు, సైకిల్ టైమ్ చూసుకోండి అన్నారు. సైకిల్, అంటే ఒక షాట్‌కి పట్టే సమయం, 32 సెకన్లు ఇచ్చాను. గంటకు 450 మూతలు, మెషిన్ గంటకు రూ.450 వేసుకుంటే మూతకు రూపాయి. అది మీ సాఫ్ట్‌వేర్ సరిగ్గానే చూపించింది. మెషిన్ ఖర్చును నాలుగు క్యావిటీలకు పంచిన సాఫ్ట్‌వేర్ రన్నర్‌ను ఎందుకు పంచలేదని అడిగాను. దానికి ఆయన చెప్పిన సమాధానం, ట్రైనింగ్ ప్యాకేజీ తీసుకోండి సార్, మీకు కాస్త అవగాహన వస్తుంది అని.

నాకు అవగాహన లేదా? సైకిల్‌లో సగానికి పైగా చల్లారడానికే పోతుందని, పార్టు గోడ మందం రెట్టింపైతే చల్లారే సమయం నాలుగింతలకు దగ్గర పడుతుందని, ఏబీఎస్ అనే ప్లాస్టిక్ గింజలను సరిగ్గా ఆరబెట్టకపోతే పార్టు మీద వెండి చారలు వస్తాయని నాకు ఎవరూ ప్యాకేజీ అమ్మలేదు. మెషిన్ పక్కన నిలబడి నేర్చుకున్నాను. నన్ను పొగడమని అడగలేదు. నేను పంపిన కాగితం తెరిచి చూడమన్నాను. ఫోన్‌లో ఉండగానే చూసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

పటమటలో ఉన్న మీ డీలర్ దగ్గరికీ వెళ్లాను. అమ్మకం వరకే మా పని, హెడ్డాఫీసుకు చెప్పుకోండి అన్నారు. సాఫ్ట్‌వేర్ అంటగట్టేటప్పుడు అదే మనిషి మా ఇంట్లో భోజనం చేసి, ఏ సమస్య వచ్చినా అర్ధరాత్రయినా ఫోన్ చేయండి అన్నా అన్నాడు. ఇప్పుడు కుర్చీలోంచి లేవలేదు, నన్ను కూర్చోమనలేదు.

2020 లాక్‌డౌన్‌లో మెషిన్లు ఆగిపోయినప్పుడు కూడా మీ రెన్యువల్ కట్టాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్‌లో మా పనివాళ్ల ఇళ్లు మునిగాయి. వాళ్లకు జీతాలు ఆపకుండా ఇచ్చి, మీ డబ్బు కూడా గడువుకే కట్టాను. ఒక్కసారి కూడా వాయిదా అడగలేదు. మీ సాఫ్ట్‌వేర్ బాగుందని మా లైన్‌లో నలుగురి చేత కొనిపించింది నేనే. మొన్న వాళ్ల షెడ్లకు వెళ్లి, ఎక్కువ క్యావిటీల డై అయితే రన్నర్ లెక్క చేత్తో చూసుకోండి అని నేనే చెప్పి వచ్చాను. వాళ్లలో ఒకాయన, రేటు ఎక్కువని తనకూ ఒక పని పోయిందన్నాడు. నా నోటి మాట నమ్మి కొన్న మనిషి ముందు తల ఎత్తుకోలేకపోయాను. ఆ అప్‌డేట్ ఇంకా ఎంతమంది దగ్గర ఇలాగే నడుస్తోందో మీకైనా తెలుసా? లెక్క సరిచేయడం ఒక్కటే చాలదు, తప్పు వచ్చిందని ప్రతి కస్టమర్‌కూ మీ కంపెనీ పేరుతో రాతపూర్వకంగా తెలియజేయాలి. పోయిన ఆర్డరు మీరు ఎలాగూ తెచ్చివ్వలేరు, ఈ ఏడాది కట్టిన డబ్బు గురించి మీరే ఆలోచించండి.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానంటే, వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీకు అది వర్తించదని మీ సీనియర్ గారు అన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం నేను చదివించుకున్నాను. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొన్నది వాణిజ్య అవసరం కిందికి రాదని అందులోనే ఉంది. నేను ఉండే ఊళ్లో, పనిచేసే ఊళ్లో కేసు వేసుకోవచ్చని కూడా ఉంది. రెండేళ్ల గడువు ఉంది. మీ వకీలు విజయవాడ రావాల్సి వస్తుంది. వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కు ముందే చెబుతాను. మీ మెయిళ్లు, మూసేసిన టికెట్లు, స్టార్లు అడిగిన మెసేజ్, అన్నీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టాను. మా అసోసియేషన్ మీటింగులోనూ ఈ విషయం పెడతాను. బెదిరింపనుకుంటే అనుకోండి.

నిన్న మీ రెన్యువల్ విభాగం నుంచి ఫోన్ వచ్చింది. నా ఫిర్యాదు గురించి అడిగితే అది మా స్క్రీన్ మీద కనపడదండీ అన్నారు. ఇది తేలేదాకా పైసా కట్టను.

చేత్తో వేసిన లెక్క ఈ ఉత్తరంతో జత చేశాను, ఒక పేజీ మాత్రమే. అది చదివిన మనిషి చేతే నాకు ఫోన్ చేయించండి, తెలుగు వచ్చినవాళ్లయితే మంచిది. పగలు మెషిన్ల దగ్గర ఉంటాను. చప్పుడులో వినపడక ఎత్తకపోతే మళ్లీ చేయమనండి, ఒకసారి చేసి టికెట్ మూసేయవద్దని చెప్పండి.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
ప్లాస్టిక్ మోల్డింగ్ యూనిట్ యజమాని.

జత: మూత ఖర్చు లెక్క, మీ సపోర్ట్ వాళ్ల జవాబుల ప్రింట్లు.