స్పీకర్ గారూ, హక్కులు సరే, ప్రశ్నోత్తరాల మాటేమిటి?

గౌరవనీయులైన శాసనసభ స్పీకర్ గారికి,

నమస్కారం. సభ గౌరవానికి, సభ్యుల ప్రత్యేక హక్కులకు భంగం కలిగిందంటూ ఇచ్చే సభాహక్కుల నోటీసు అనగానే నాకు 1983 గుర్తొస్తుంది. శాసనమండలిలో జరిగిన రభస మీద ‘ఈనాడు’ ‘పెద్దల గలభా’ అని శీర్షిక పెడితే, అది ఎడిటర్‌ని అరెస్టు చేసి సభ ముందు నిలబెట్టమనే దాకా వెళ్లి, చివరికి సుప్రీంకోర్టు స్టేతో ఆగింది. 1985లో ఆ మండలే రద్దయిపోయింది, అది వేరే కథ.

రాజ్యాంగంలోని 194(3) అధికరణం ఏమంటోంది? మీ సభాహక్కులేవో చట్టం చేసి చెప్పుకోండి, అప్పటిదాకా పాతవే నడుస్తాయి అని. 75 ఏళ్లు దాటినా ఆ చట్టం ఊసే లేదు. రాసిపెడితే కోర్టులు తూకం వేస్తాయని భయమేమో! సభ్యుడు లంచం తీసుకుని సభలో ఓటేస్తే సభాహక్కుల రక్షణ లేదని కూడా 2024లో సుప్రీంకోర్టే చెప్పాల్సొచ్చింది.

ఇక రోజువారీ సంగతి. పోడియం దగ్గర ప్లకార్డులు, చించిన కాగితాలు, వాయిదా, మళ్లీ వాయిదా, ఆఖరికి “సమాధానాలు సభ ముందు ఉంచినట్లుగా భావిస్తున్నాం” అని ఒక్క ముక్క. మా ఊరి చెరువు గురించి అడిగిన ప్రశ్న కూడా అందులోనే కొట్టుకుపోతుందండీ. మంత్రి నోటితో జవాబు వినడం మా హక్కు కాదా?

వచ్చే సమావేశాల్లో హక్కుల చట్టం ముసాయిదా పెట్టించండి, ప్రశ్నోత్తరాల గంటను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

ఇట్లు,
ఒక ఓటరు